కామ్ ఏమీ లేదు, సైర్ అంతే!



పోయిన ఆదివారం ఫజర్ నమాజ్ అయ్యాక మా గల్లీలోంచి కారు బయటికి తీస్తున్నాను. ఎదురింటి ఖాలా గుమ్మంలో నిలబడి అడిగింది. "సుబహ్ సుబహ్ కహా జా రై? కిస్కీ షాదీ?"

"షాదీ కాదు ఖాలా."

ఆమె మొహం మారిపోయింది. "యా అల్లాహ్! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. అల్హమ్దులిల్లాహ్, అందరూ ఖైరియత్. ఊరికే గోదారి చూసొద్దామని."

ఖాలాకి నమ్మకం కుదరలేదు. కారులో కూర్చున్న మా అమ్మీ వైపు చూసింది, పక్కనున్న మా సాసుమా వైపు చూసింది. ఇద్దరు పెద్దవాళ్లు ఇస్త్రీ బుర్ఖాలు వేసుకుని పొద్దున్నే కారెక్కారంటే ఏదో కామ్ ఉండి తీరాలి కదా. చివరికి తనే తేల్చేసింది. "అయితే ఆస్పత్రికే. మోకాళ్లకా?"

ఖాలా అడిగిన ఆ మూడు సవాళ్ల గురించే ఈ రోజు రాస్తున్నాను. షాదీ, మయ్యత్, ఆస్పత్రి. మన ఇళ్లలో ఆడవాళ్లు గడప దాటడానికి ఉన్న దర్వాజాలు ఈ మూడే. నాలుగోది ఉందంటే దర్గా జియారత్, అదీ ఏదైనా మన్నత్ ఉంటేనే. ఈ నాలుగూ కాకుండా, ఏ కామ్ లేకుండా, కేవలం చూడ్డానికి మీ అమ్మీ ఆఖరిసారి ఎప్పుడు ఊరు దాటిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. నాకైతే గుర్తు రాలేదు. అసలు అలాంటి రోజు ఉంటే కదా!

మా అమ్మీకి 68 ఏళ్లు. పుట్టింది ఏలూరు, నికా అయింది ఏలూరు. ఆమె మైకా తివాచీలు నేసే ఖాందాన్. ఏలూరు ఊలు తివాచీల పని పర్షియా నుంచి వచ్చినవాళ్లు నేర్పిందని ఆ ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటారు. అమ్మీ చిన్నప్పుడు మగ్గం ముందు కూర్చుని ముడులు వేసేది. తివాచీలేమో సముందర్ దాటి ఫారిన్ పోయాయి. ముడులు వేసిన పిల్ల మాత్రం ఏలూరు దాటలేదు.

గోదారిని ఆమె ఒక్కసారే దాటింది. పదకొండేళ్ల క్రితం అబ్బాకి ఆపరేషన్ కోసం విశాఖపట్నం వెళ్లేటప్పుడు, రాత్రి రైల్లో. రాజమండ్రి వంతెన మీద రైలు చప్పుడు మారగానే అమ్మీ కిటికీ దగ్గరికి జరిగింది. బయట చీకటి. అబ్బా అన్నారు, "వచ్చేటప్పుడు పగలు వస్తాం, అప్పుడు చూద్దువుగాని." వచ్చేటప్పుడు ఆయన్ని అంబులెన్సులో పడుకోబెట్టి తీసుకొచ్చాం. గోదారి ఎప్పుడు దాటామో మాలో ఎవరికీ తెలీదు. మూడు నెలలకి అబ్బా పోయారు.

ఆ మాట అప్పట్నుంచీ నా దిల్‌లో ముల్లులా ఉంది. ఏలూరు నుంచి గోదారి ఎంత దూరమని? పొద్దున బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. అయినా పదకొండేళ్లు పట్టింది. ఎప్పుడు అడిగినా అమ్మీది ఒకటే జవాబు: "ఇప్పుడు అక్కడ మనకేం కామ్ ఉంది బేటీ?"

ఈసారి కామ్ గురించి మాట్లాడనివ్వలేదు. కారు నేను నడిపాను. మెహ్రమ్ సంగతి అడగబోయేవాళ్లకి ముందే చెప్తున్నాను, మా మియా నా పక్క సీట్లోనే ఉన్నారు, టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని. వెనక అమ్మీ, సాసుమా, వాళ్లిద్దరి మధ్య మా పాప. సమ్‌ధన్‌లు ఇద్దరూ ఇన్నేళ్లలో ఎన్ని దావత్‌లలో కలిశారో, కానీ ఒక రోజంతా పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి. పెళ్లిళ్లలో ఫుర్సత్ ఎక్కడిది?

ఏలూరు నుంచి కైకలూరు దారి పట్టాం. ఆ దారి కొల్లేరు మధ్యలోంచి పోతుంది. పొగమంచు ఇంకా విడలేదు. రోడ్డుకి రెండు వైపులా నీళ్లు, నీళ్లలో గూడబాతులు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఇంత పెద్ద పేరున్నది మా ఇంటి పెరట్లో ఉన్నట్టే లెక్క. పాప ఫోన్లో పక్షుల పేర్లు వెతికి నానీకీ దాదీకీ చెప్తోంది. కారు ఆపాను. ఎవరూ దిగమని అడగలేదు, ఎవరూ తొందర పెట్టలేదు. పది నిమిషాలు ఖామోష్‌గా చూశాం.

సాసుమా పుట్టింది చింతలపూడి వైపు, మెట్ట. "మా చిన్నప్పుడు బిందెడు నీళ్లకి ఎంత దూరం నడిచేవాళ్లమో దుల్హన్! ఇక్కడ చూడు, నీళ్లకి చోటు చాలట్లేదు" అంది. ఉప్పుటేరు దాటి ఆకివీడు, ఉండి, భీమవరం, పాలకొల్లు. దారంతా చేపల చెరువులు, రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లు, కాలవ గట్ల మీద కొబ్బరి చెట్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల్లో పారిన నీళ్లే ఈ పచ్చదనానికి అసల్. ఒకే జిల్లాలో పుట్టిన మెట్ట ఆవిడ డెల్టాని ఇన్నేళ్లకి సావకాశంగా చూసింది.

ఇక్కడ ఒక చేదు మాట. భీమవరం దాకా ఇద్దరూ గుటక నీళ్లు తాగలేదు. అమ్మీకి షుగర్. "దాహం లేదు" అంటూనే ఉంది. నాకు తెలుసు ఎందుకో. మీ ఇంట్లో ఆడవాళ్లకీ తెలుసు. దారిలో బాత్‌రూమ్ ఎక్కడుంటుందో తెలీదు కాబట్టి నీళ్లు మానేస్తారు. ఒక పెట్రోల్ బంక్‌లో అడిగితే తాళం వేసి ఉంది. తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతకడానికి పావుగంట. మియా పోయి గట్టిగా అడిగితే అప్పుడు దొరికింది. ఆడవాళ్లు సఫర్ అంటే వెనకాడేది దూరం చూసి కాదు, దీన్ని చూసి. మగవాళ్లు ఈ సంగతి ఒక్కటి అర్థం చేసుకుంటే సగం కష్టం తీరుతుంది. బయల్దేరే ముందే ఎక్కడ ఆగాలో అనుకోండి, అడిగే పని మీరు చేయండి.

పదిన్నరకి నర్సాపురం చేరాం. మాధవాయపాలెం రేవు అక్కడే. ఈ చిన్న రేవు పేరు ఒకప్పుడు దునియా అంతా తెలుసు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ కోఠీ పెట్టి నూలు బట్ట కొనేది. వాళ్ల నోట్లో మాధవాయపాలెం మడపోలం అయింది, ఆ బట్టకి కూడా అదే పేరు పడింది. మెత్తని తెల్ల నూలు బట్టని ఇప్పటికీ ఆ పేరుతో అమ్ముతారు.

రేవుకి వెళ్లే ముందు ఒక వీధి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు లేసు అల్లుతూ కనిపించారు. నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. అమ్మీ కారు దిగి వాళ్ల పక్కన కూర్చుండిపోయింది. వాళ్ల వేళ్లలో సూది ఆగట్లేదు, అమ్మీ కళ్లు వాళ్ల వేళ్ల మీదనుంచి కదలట్లేదు. "మీరు అల్లింది ఎక్కడికి పోతుందమ్మా?" అని అడిగింది. "ఎక్కడికో పోతుందండి, ఫారిన్" అంది పెద్దావిడ. "మేం వేసిన తివాచీలూ అక్కడికే పోయాయి" అంది అమ్మీ. ముగ్గురూ నవ్వుకున్నారు. ఇంతకంటే పెద్ద ముచ్చట ఏమీ జరగలేదు. అయినా ఇంటికొచ్చాక అమ్మీ ఎక్కువసార్లు చెప్పింది ఈ సంగతే.

ఇక పంటు. తెలియనివాళ్లకి చెప్తాను. వశిష్ఠ గోదారికి ఇటు నర్సాపురం, అటు సఖినేటిపల్లి. మధ్యలో తిరిగేది పంటు, అంటే ఇంజన్‌తో నడిచే పెద్ద బల్లకట్టు. కార్లు, ఆటోలు, మోటార్‌సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, స్కూలు పిల్లలు, చేపల గంపలు, అందరూ దాని మీదే. కారు ఎక్కించేటప్పుడు నా చేతులు చెమటలు పట్టాయి. ముందు చక్రం ఇనుప రేకు మీద పడి ధన్‌మని చప్పుడు చేసింది. పంటు కుర్రాడు "రండి మేడమ్, రండి, రైటు, రైటు, చాలు" అంటూ వేళ్లతోనే కారు లోపలికి లాగేశాడు.

అమ్మీ ముందే దిగిపోయింది. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు రోజుల తరబడి టీవీ ముందు కూర్చుని ఏడ్చిన మనిషి. "మీరెక్కండి, నేను గట్టు మీద ఇంతెజార్ చేస్తా" అంది. భయపడొద్దని నేను అనలేదు, ఆ భయం తప్పు కాదు కాబట్టి. నీళ్ల మీద సాహసాలు చేయకూడదు. మరీ కిక్కిరిసి ఉంటే తర్వాతి పంటుకి ఆగాలి, వరద రోజుల్లో అసలు రాకూడదు. ఆ రోజు గోదారి నిదానంగా ఉంది, పంటు సగమే నిండింది. సాసుమా వచ్చి చెయ్యి పట్టుకుంది. "మునిగితే ఇద్దరం మునుగుదాం, పద." సమ్‌ధన్‌లు ఇద్దరూ బిస్మిల్లాహ్ అనుకుని ఎక్కారు.

ఇంజన్ మొదలైంది. గట్టు మెల్లగా వెనక్కి జరిగింది. అమ్మీ రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. నీళ్లు ఒకచోట బురద రంగు, ఒకచోట ఆకుపచ్చ. గాలికి ఆమె నఖాబ్ ఎగురుతోంది, సర్దుకోవడం కూడా మర్చిపోయింది. నేను పక్కన నిలబడ్డాను, ఏమీ అనలేదు. కాసేపటికి తనే అంది, "చూశాను, మీ అబ్బాకి చెప్పు" అని. ఎలా చెప్పాలో నాకు తెలీలేదు. ఫాతెహా చదువుకున్నాను.

పక్కన ఒకావిడ మా బుర్ఖాలు చూసి నవ్వుతూ పలకరించింది, "షలోనిచ్, మామా?" అని. అమ్మీ నా వైపు చూసింది, "ఇదేం భాష బేటీ?" ఆవిడది సఖినేటిపల్లి వైపు. పన్నెండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు కదా. ఎలా ఉన్నారని అరబ్బీలో అడిగిందట! రోజూ అరబ్బీలో తిలావత్ చేసే మేం నలుగురం నోరెళ్లబెట్టాం. పాప ఒక్కతే పడిపడి నవ్వింది.

ఆవిడతో నేను, "ఎంత బాగుందమ్మా, వంతెన మీద పోతే ఈ మజా ఉండదు" అన్నాను. ఆవిడ నవ్వు తగ్గింది. "మీకు సరదాగా ఉంటదండి. మాకు బతుకు" అంది. వాళ్ల నాన్నకి ఒక రాత్రి గుండెనొప్పి వచ్చింది. ఎదురుగా నర్సాపురం లైట్లు కనిపిస్తున్నాయి, ఆ వేళకి పంటు లేదు. ఆటోలో మలికిపురం, దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి చుట్టూ తిరిగి తీసుకెళ్లారు. "బతికాడండి. కానీ ఆ దారంతా ఆ లైట్లే కనపడ్డాయి నాకు."

ఆ మాటకి నేను సిగ్గుపడ్డాను. ఇక్కడ వంతెన కావాలని జనం దశాబ్దాలుగా అడుగుతున్నారు. ఏడాదికొకసారి వచ్చి ఫొటోలు తీసుకుని "అయ్యో, పంటు పోతే ఈ అందం పోతుంది" అనే హఖ్ మనకి లేదు. వంతెన రావాలి. అది నా ఓటు. ఒకరి ముసీబత్ మనకి తమాషా కాకూడదు.

అవతల గట్టు నుంచి అంతర్వేది వైపు వెళ్లాం. మాఘమాసంలో నరసింహస్వామి కల్యాణానికి ఈ దారి జనంతో నిండిపోతుంది. మేం వెళ్లింది మామూలు రోజు, ఊరు ప్రశాంతంగా ఉంది. గుడి దాటి ముందుకి పోతే వశిష్ఠ సముందర్‌లో కలిసే చోటు. దాన్ని అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఒక పక్క నది, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇసుక. అమ్మీ, సాసుమా చెప్పులు చేత్తో పట్టుకుని పాదాలు తడుపుకున్నారు. కెరటం వచ్చినప్పుడల్లా చిన్నపిల్లల్లా వెనక్కి ఉరికారు. మోకాళ్ల నొప్పులు ఆ గంటసేపు ఎటు పోయాయో అల్లాహ్‌కే తెలియాలి.

జొహర్‌కి ఒక కొబ్బరితోట దగ్గర ఆగి అడిగితే, ఆ ఇంటివాళ్లు మోటార్ వేసి వజూకి నీళ్లిచ్చారు, రెండు చాపలు పరిచారు. మియా ఫోన్లో దూరం లెక్కేసి, "ముసాఫిర్‌లం అయ్యాం, ఫర్జ్ రెండే రకాత్‌లు" అన్నారు. అమ్మీకి అనుమానం. "సైర్‌కి వచ్చినా ముసాఫిరేనా?" "ముసాఫిరే అమ్మీజాన్." అమ్మీ ఒక్క క్షణం ఆగి, "ఆస్పత్రికి కాకుండా ముసాఫిర్ అవ్వడం ఇదే మొదలు" అంది.

ఆ తోటలోనే దస్తర్ఖాన్ పరిచాం. రోటీలు, ఖీమా, ఉడికించిన గుడ్లు, నిమ్మకాయ అచార్. తోట ఆయన బోండాలు దింపించాడు, డబ్బులిస్తే సగమే తీసుకున్నాడు. మా రోటీలు వాళ్లింటికి, వాళ్ల పూతరేకులు మాకు. ఇద్దరు పెద్దవాళ్లూ చెట్ల నీడలో అసర్ దాకా ఒక కునుకు తీశారు. ఆ రోజు మేం చేసిన పెద్ద కామ్ అదే.

తిరిగి వచ్చేటప్పుడు దిండి దగ్గర చించినాడ వంతెన ఎక్కాం. సూర్యుడు దిగుతున్నాడు. అమ్మీ కిటికీ దించి చూడబోయేలోపు అవతలి గట్టు వచ్చేసింది. "అరే, అప్పుడే అయిపోయిందా?" అంది. పొద్దున అదే నదిని దాటుతూ ఆమె నవ్వింది, భయపడింది, ఏడ్చింది, అరబ్బీ విన్నది. ఇప్పుడు అర మాట పూర్తయ్యేలోపు దాటేసింది. అవసరానికి వంతెన కావాలి, నిజమే. కానీ జిందగీ అంతా వంతెన మీదే పోతే, ఏం దాటామో కూడా తెలియకుండా దాటేస్తాం. మన అమ్మీలు అలాగే దాటారు. చూలు, పొయ్యి, రోగాలు, షాదీలు. పగలు వచ్చినప్పుడు చూద్దువుగాని అని మనం చెప్తూనే ఉన్నాం.

ఇప్పుడు మీ సవాళ్లు నాకు తెలుసు.

ఖర్చు అంటారు. పెట్రోలు, పంటు టికెట్లు, బోండాలు అన్నీ కలిపి మాకు మూడు వేల లోపే అయింది. వలీమాలో ఎవరూ అడగని ఒక అదనపు ఐటమ్‌కి ఇంతకంటే ఎన్నో రెట్లు పోస్తాం. కారు లేకపోతే బస్సులున్నాయి, రైలు నర్సాపురం దాకా వస్తుంది. పంటు మీద నడిచి ఎక్కేవాళ్లే ఎక్కువ.

లోగ్ క్యా కహేంగే అంటారు. చెప్పాను కదా, ఖాలా ఏమందో. సాయంత్రం ఆమెకి రెండు బోండాలు తెచ్చి ఇచ్చాను. "పంటు ఎక్కడానికి మోకాళ్లు సహకరిస్తాయా?" అని అడిగింది. ఆ సవాల్ వెనక ఇంకో సవాల్ ఉంది, మీకూ వినిపించి ఉంటుంది.

ఆడవాళ్లకి ఇంట్లో ఏం తక్కువ అంటారు. భాయ్‌సాబ్, మీకు సైర్ రోజూ ఉంది. ఇషా తర్వాత చాయ్ హోటల్ ఉంది, ఆదివారం క్రికెట్ ఉంది, దోస్తుల బండ్లున్నాయి. అల్లాహ్ సృష్టిని చూడండి, జమీన్ మీద తిరగండి అని ఖుర్ఆన్‌లో ఒకచోట కాదు, ఎన్నోచోట్ల ఉంది. అది మగవాళ్లకి మాత్రమే అని ఏ మౌలానా చెప్పగా నేను వినలేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఏడాదికి ఒక్క రోజు. ఎవరి దావత్ కాదు, ఎవరి పుర్సా కాదు, డాక్టర్ అపాయింట్‌మెంట్ కాదు. వాళ్లు బతికుండగా, వాళ్ల కాళ్లు నడుస్తుండగా, పగటిపూట.

ఇంటికి చేరేసరికి ఇషా వేళ అయింది. అమ్మీ బుర్ఖా విప్పి దులుపుతుంటే ఇసుక రాలింది. ఊడుస్తానని పాప చీపురు తెచ్చింది. "ఉండనీ, పొద్దున ఊడుద్దాం" అంది అమ్మీ. తర్వాత నన్ను పిలిచి, ఎవరికీ వినపడనట్టు అడిగింది, "కొల్లేరులో పక్షులు ఏ నెల దాకా ఉంటాయి బేటీ?"

ఏం కామ్ ఉంది అని ఈసారి అడగలేదు.

ఖుదా హాఫిజ్.